నొప్పి లేదని నేర్పిన మాస్టారు

మా ఆయన చేతిలో ఎప్పుడూ ఒక కర్ర ఉండేది. కొట్టడానికనుకునేరు, కాదు. ఇరవై రెండేళ్లలో ఒక్క పిల్లాడి మీద కూడా దాన్ని ఎత్తలేదు. పిల్లల్ని మోచేతుల మీదా కాలివేళ్ల మీదా బోర్లా నిలబెట్టి, ఆ కర్రను వీపు పొడవునా పెట్టేవాడు. తల వెనక, భుజాల మధ్య, తుంటి మీద, మూడు చోట్లా ఆనితే నడుము నిటారుగా ఉన్నట్టు. ఎక్కడైనా సందు కనిపిస్తే "నడుం జారింది, ఎత్తు" అనేవాడు. పూల్‌లో చిన్నా పెద్దా అందరికీ ఆయన కర్ర మాస్టారే.

నేను అదే పూల్‌లో ఆడపిల్లలు బట్టలు మార్చుకునే గది చూసుకుంటాను. తాళాలు, టవళ్లు, తడినేల, ఎవరో మర్చిపోయిన కళ్లద్దాలు, జుట్టు చిక్కుకున్న జాలీలు, అన్నీ నావే. ఆయన నీళ్ల పక్కన, నేను గోడకి ఇవతల. పెళ్లయిన కొత్తలో ఆ క్లోరిన్ వాసనకి తల పగిలిపోయేది. ఇప్పుడు సెలవు రోజున అది లేకపోతే ఇంట్లో ఏదో పోగొట్టుకున్నట్టుంటుంది.

ఆయన సంగతి చెప్పాలంటే భుజం దగ్గర మొదలుపెట్టాలి. వాళ్ల నాన్న ఒక పాత పూల్‌లో పంపులు నడిపేవాడట. ఆ వంకన ఈయన నడక కంటే ముందు ఈత నేర్చానని కోతలు కోస్తాడు. సగం నమ్మొచ్చు. పదిహేడో ఏట పెద్ద ఈత శిక్షణ శిబిరానికి ఎంపికలు జరిగాయి. ఈతలో ఈయనదే మొదటి స్థానం. చివర్లో ఒక డాక్టరు కాగితాలు ముందేసుకుని, తలెత్తకుండా, "ఎక్కడైనా నొప్పులున్నాయా?" అని అడిగాడు. ఈ అమాయకుడు "కుడి భుజం అప్పుడప్పుడూ లాగుతుందండీ" అన్నాడు. అంతే, పేరు మీద గీత పడింది. వెనక నిలబడ్డవాడికి రెండు భుజాలూ పాడే, కానీ వాడు "ఏం లేదండీ" అన్నాడు, శిబిరానికెళ్లాడు. ఈయన ఇంటికొచ్చాడు.

ఈ కథ పెళ్లయిన మొదటి వారంలో చెప్పాడు. తర్వాత ఓ వందసార్లు చెప్పుంటాడు. ప్రతిసారీ డాక్టరు ఇంకాస్త దుర్మార్గుడయ్యేవాడు. "కలం పట్టుకున్నవాడి ముందు నొప్పి అన్న మాట నోట్లోంచి రాకూడదు." తన దగ్గరికొచ్చిన ప్రతి పిల్లకీ పిల్లాడికీ నీళ్లలో దిగకముందే ఈ మాట చెప్పేవాడు. నేను నవ్వేదాన్ని. మనిషన్నాక ఏదో ఒక పిచ్చి ఉంటుంది, ఈయనకిదొకటి అనుకునేదాన్ని. అక్కడే పొరపాటు చేశాను.

ఆ పిల్లల్లో నా చెల్లెలి కూతురొకతి. ఆరో ఏట మొదటిసారి నీళ్లలో వదిలితే, కంగారుపడకుండా అడుగున కూర్చుని తాపీగా బుడగలు వదులుతూ ఉంది. మా ఆయన చొక్కాతోనే దూకి పైకి లాక్కొచ్చాడు. "ఎందుకు దూకావు పెదనాన్నా, ఇంకా ఊపిరుంది కదా" అంది. ఆ రోజు నుంచీ అది బుడగే. బడిలో తప్ప దాని అసలు పేరు ఎవరూ పిలవరు.

బుడగకి ఇప్పుడు పదిహేనేళ్లు. దానిది బటర్‌ఫ్లై. రెండు చేతులూ ఒకేసారి ఎత్తి నీళ్ల మీద పడే ఆ ఈత చూడ్డానికి ఎంత బావుంటుందో, నడుముకి అంత పని. పదమూడేళ్లప్పుడు దాని చేతులు ఎంత బలంగా లాగినా తుంటి కిందకి జారిపోయేది. "చేతులు సంపాదించిందంతా నడుం తగలేస్తోంది" అనేవాడు ఈయన. రెండేళ్లు కూర్చుని దాని నడుమే కట్టాడు. కర్ర కింద నిమిషం, నిమిషన్నర, రెండు నిమిషాలు. వెల్లకిలా పడుకుని ఎదురు చేయీ ఎదురు కాలూ చాచడం. పొట్ట బిగించి ఊపిరి ఆడించడం. అబద్ధమెందుకు, పని తెలిసిన మనిషి. వంద మీటర్లు ఒక నిమిషం పదమూడు సెకన్లలో ఈదే పిల్ల, ఒక నిమిషం ఏడుకి దిగింది. ఆ రోజు గడియారం నొక్కి, దాన్ని రెండుసార్లు విదిలించి, మళ్లీ చూసుకున్నాడు.

అప్పుడే పెద్ద శిబిరం కబురొచ్చింది. ఎంపికలకి ముందు ఒంటి కదలికల పరీక్ష పెడతారట. దానికో కాగితం పంపారు. ఏడు కదలికలు: కర్ర నెత్తిమీద పట్టుకుని గుంజీలా కూర్చోవడం, తాడు దాటడం, చెక్క మీద ముందుకి అడుగేసి మోకాలు దించడం, వీపు వెనక రెండు పిడికిళ్లు కలపడం, పడుకుని కాలెత్తడం, బోర్లా నుంచి ఒంటిని ఒకే పలకలా పైకి లేపడం, చేతులూ మోకాళ్ల మీద ఉండి ఎదురెదురు చేయీ కాలూ చాచడం. ఒక్కోదానికి మూడు మార్కులు. సరిగ్గా చేస్తే మూడు, తంటాలు పడితే రెండో ఒకటో. కింద, లావుపాటి అక్షరాల్లో, "నొప్పి ఉంటే సున్నా."

ఆ చివరి మాట చదివి మా ఆయన "చూశావా, నే చెప్పలా?" అన్నాడు. కాగితాన్ని గడియారం కింద గోడకి జిగురు రాసి మరీ అంటించాడు.

మర్నాటి నుంచీ నా గది ముందు వరండా పరీక్ష హాలైపోయింది. నా రెండు బకెట్ల మధ్య తాడు కట్టాడు, నేల తుడవడానికి బకెట్ల కోసం నేను వెతుక్కోవాలి. పిల్లలకి మాత్రం తెగ సరదా. నిచ్చెన అని ఒక పొడుగు కుర్రాడున్నాడు. వాడు చెక్క మీద మోకాలు దించబోయి ప్రతిసారీ పక్కకి ఒరిగేవాడు. "నిచ్చెన జారిందిరోయ్, తప్పుకోండి!" అని బుడగ అరిచేది. అందరూ విరగబడి నవ్వేవాళ్లు. ఈయన కూడా నవ్వి, వాణ్ని మళ్లీ నిలబెట్టేవాడు. వారంలో వాడికీ కుదిరింది.

ఏడింటితో పాటు చిన్న పరీక్షొకటి ఉంది. బోర్లా పడుకుని, అరచేతులు నేలకానించి, తుంటి కదలకుండా ఛాతీ పైకి లేపాలి. నడుము బాగా వెనక్కి వంగుతుంది. మార్కులేం లేవు, నొప్పి ఉందా లేదా అన్నదే ప్రశ్న. బుడగ లేచింది. ముఖంలో నవ్వు అలాగే ఉంది. కానీ కాలివేళ్లు లోపలికి ముడుచుకుపోయాయి.

"వేళ్లు" అన్నాడు మా ఆయన.

అంతే, ఒక్క మాట. పిల్ల వేళ్లు చాచింది.

ఆయన రహస్యం అదే. నొప్పిని ముఖంలో దాచగలరు, కాళ్లలో దాచలేరనేవాడు. ఇరవై రెండేళ్లు గట్టుమీద తిరిగి సంపాదించిన చదువది. ఎవరికి ఎక్కడ నొప్పో తెలుసుకోడానికి పనికి రావాల్సిన చదువుని, దాచడానికి నేర్పాడు. నేను తుడుపుకర్రతో పక్కనే నిలబడి చూశాను.

అప్పటికే నాకు అనుమానముంది. బట్టల గదిలో బుడగ అర అన్నిటికంటే పైన. ఇదివరకు వెనక్కి వంగి, ఒక్క ఊపులో బ్యాగు లాక్కునేది. నెల నుంచీ స్టూలెక్కి తీసుకుంటోంది. "ఏమే, ముసలమ్మవైపోయావా?" అంటే, "నీకు తోడుండాలని పెద్దమ్మా" అని నవ్వింది. దాని నోటికి తక్కువేం లేదు.

ఆ రోజు ఇంటికొచ్చి, ఈయన అన్నం ముందు కూర్చున్నాక అడిగాను. "ఏవండీ, ఆ పిల్లకి నడుం నొప్పి ఉంది. స్టూలు లేకుండా బ్యాగు తీసుకోలేకపోతోంది."

"పని నొప్పి వేరు, దెబ్బ నొప్పి వేరు. అది పని నొప్పి."

"మీకెలా తెలుసు?"

"నీకు టవళ్ల సంగతి తెలుసు. నడుముల సంగతి నాకొదిలెయ్."

నాకు ఒళ్లు మండింది. "అది నా చెల్లెలి కూతురండీ."

"నాకు మాత్రం పరాయిదా?" ముద్ద కంచంలోనే వదిలేశాడు. "అందుకే చెప్తున్నా. ఇప్పుడు సున్నా పడిందంటే దాని బతుకూ నా బతుకే. జీవితాంతం కర్ర పట్టుకుని ఎవరి పిల్లలనో ఈదిస్తూ గట్టుమీద తిరగాలి. శిబిరానికెళ్లనీ, అక్కడ పెద్ద పెద్దవాళ్లుంటారు, వాళ్లే చూసుకుంటారు."

ఆ మాట విని తగ్గాను. అయినా మనసొప్పక చెల్లెలికి ఫోన్ చేశాను. అది బట్టలు కుట్టే చోట పని చేస్తుంది. వెనక నుంచి మిషన్ల రొద. "దాని నడుం ఎలా ఉందే?" అంటే, "బావగారుండగా నాకేం భయం అక్కా!" అని గట్టిగా అరిచి చెప్పింది. అప్పుడు చెప్పాల్సింది. చెప్పలేదు. మొగుడి మీద చెల్లెలితో చాడీలేమిటని ఊరుకున్నాను. ఆ రెండు నిమిషాల ఫోను నన్నిప్పటికీ తినేస్తోంది.

పరీక్ష రోజు ఒక ఫిజియో అమ్మాయి వచ్చింది. పాతికేళ్లుంటాయేమో, చాప తనే మోసుకొచ్చింది. పిల్లలతో నెమ్మదిగా మాట్లాడింది. నేను టవళ్లివ్వడానికి అక్కడే ఉన్నాను. బుడగ ఏడు కదలికలూ అద్దంలో చూసి నేర్చుకున్నదానిలా చేసింది. చివరికి బోర్లా పడుకుని ఛాతీ లేపింది.

"ఎక్కడైనా నొప్పుందామ్మా? ఉంటే చెప్పు, పర్లేదు" అంది ఫిజియో అమ్మాయి.

"లేదండీ."

"కొంచెం కూడా?"

"లేదండీ" అని నవ్వింది బుడగ. కాలివేళ్లు తీర్చిదిద్దినట్టున్నాయి.

ఇరవై ఒకటికి పంతొమ్మిది. మా పూల్ మొత్తానికి అదే ఎక్కువ. "ఎవరు సార్ ఈ పిల్లలకి నేర్పింది? ఇంత కుదురైన నడుములు నేనెక్కడా చూళ్లేదు" అందా అమ్మాయి. మా ఆయన ఉబ్బి తబ్బిబ్బయ్యాడు. ఇంటికొచ్చే దారంతా ఈల వేస్తూనే ఉన్నాడు. ఆ ఈల విన్నది అదే ఆఖరు.

బుడగ ఎంపికై వెళ్లింది. శిబిరంలో పొద్దున రెండు గంటలు, సాయంత్రం రెండు గంటలు ఈత. పద్దెనిమిదో రోజు మధ్యాహ్నం నాకు ఫోనొచ్చింది. గోడని తన్ని మలుపు తిరిగాక బుడగ నీళ్లలో ఆగిపోయిందట. వరసల మధ్య తాడు పట్టుకుని వేలాడుతూ, "కాళ్లు ఆడట్లేదు" అందట. చెక్క మీద పడుకోబెట్టి పైకి తీశారు. అప్పుడు కూడా నొప్పి అనలేదు, కాళ్లు ఆడట్లేదనే అంది.

ఆసుపత్రిలో డాక్టరు నడుము కింది పూస ఫొటో చూపించాడు. రెండు వైపులా ఎముక చిట్లింది. పూస కొద్దిగా ముందుకి జరిగింది. "ఇది ఇవాళ్టిది కాదు, మూడు నాలుగు నెలలది. మొదట్లో ఒక పక్క వెంట్రుకంత గీత ఉండుంటుంది. అప్పుడు ఈత ఆపేస్తే దానంతటదే అతుక్కునేది. పాపకి ఇన్నాళ్లూ నొప్పి లేదా?" అన్నాడు.

సంగతి తెలిసి ఫిజియో అమ్మాయి పరుగున వచ్చింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. వరండాలో మా ఆయన్ని పట్టుకుంది. "నేను అడిగాను కదా సార్! రెండుసార్లు అడిగాను. ఎందుకు చెప్పలేదు?"

"చెప్తే సున్నా వేసి తీసేస్తారుగా."

"తీసేస్తామని ఎవరు చెప్పారు మీకు?" ఆ అమ్మాయికి నిజంగానే అర్థం కాలేదు. "సున్నా అంటే నా దగ్గరికి పంపమని. వాళ్ల చోటు అలాగే ఉంచి, బాగుచేసి, మళ్లీ పరీక్ష పెడతాం. కాగితం వెనకవైపు రాశాం కదా సార్."



మర్నాడు పూల్‌కెళ్లి ఆ కాగితం పీకాను. జిగురు గట్టిగా రాశాడు కదా, సగం గోడకే ఉండిపోయింది. మిగిలిన సగంలో చదవడానికి కావలసినంత ఉంది. "నొప్పి ఉన్నవారిని ఎంపిక నుంచి తొలగించరు. ఆరు వారాల చికిత్స తర్వాత..." తెచ్చి ఆయన ముందు పడేశాను. చదివాడు. మళ్లీ చదివాడు.

"నేను చూశాను" అన్నాడు. "దాని వేళ్లు చూశాను. అది పని నొప్పి కాదని నాకు తెలుసు."

నాలో ఏదో తెగిపోయింది. "మీ భుజం పోయిందని దాని నడుం విరగ్గొట్టారు" అన్నాను. అన్నాక నాకే భయమేసింది. కానీ ఆ మాట వెనక్కి తీసుకోలేదు, ఇవాళ్టికీ తీసుకోను. ఆయన తలొంచుకుని కూర్చున్నాడు. ఆ మనిషి మీద కోపం ఎంతుందో జాలీ అంతే ఉంది, ఏది చూపించాలో తెలీక వంటింట్లోకి వెళ్లిపోయాను.

చెల్లెలు అరుస్తుందనుకున్నాను, కొడుతుందనుకున్నాను. ఏం చేయలేదు. "నీకు ముందే తెలుసా అక్కా?" అని మాత్రం అడిగింది. "తెలుసు" అన్నాను. అప్పట్నుంచీ నాతో మాట్లాడాల్సి వస్తే మాట్లాడుతుంది, కానీ అక్కా అనడం మానేసింది.

వారం తర్వాత మా ఆయన పూల్‌లో పిల్లలందర్నీ వరసగా నిలబెట్టాడు. పదకొండు మంది. "మీలో ఎవరికైనా, ఎక్కడైనా నొప్పి ఉంటే చెయ్యెత్తండి. ఎవర్నీ ఏమనను" అన్నాడు. ఒక్క చెయ్యి లేవలేదు. నిచ్చెన ఒక చీలమండ మీద బరువు వేయకుండా నిలబడ్డాడని గది తలుపు దగ్గర్నుంచి నాకే తెలుస్తోంది. "రేయ్, నీకు?" అన్నాడు వాడి దగ్గరకెళ్లి. వాడు వెంటనే రెండు కాళ్ల మీదా నిటారుగా నిలబడి, "లేదు సార్" అన్నాడు, నవ్వుతూ. సార్ మళ్లీ పరీక్ష పెడుతున్నారని, ఈసారి కూడా నెగ్గాలని వాడి ఉద్దేశం. ఆయన ఒక్కొక్కర్నీ అడిగాడు. పదకొండు సార్లు "లేదు సార్" విన్నాడు. నెలాఖరుకి ఉద్యోగం వదిలేశాడు.

బుడగకి మూడు నెలలు పట్టీ వేశారు. చంకల నుంచి తుంటి దాకా గట్టి డొప్ప. ఫిజియో అమ్మాయి వారం వారం వాళ్లింటికెళ్లి, మొదట్నుంచీ ఊపిరి పీల్చడం నేర్పినట్టు నేర్పింది. మూడు నెలలయ్యాక డాక్టరు రమ్మన్నాడు. మేమిద్దరం వెళ్లొద్దనుకున్నాం. బుడగే, పెదనాన్న రావాలని పట్టుబట్టిందట.

డాక్టరు పట్టీ విప్పించి ముందే చెప్పాడు. "ఫొటోలో ఎముక అటూ ఇటూ కాకుండా ఉంది. ఇప్పుడు నీ మాటే ముఖ్యం. నొప్పి లేకపోతే పట్టీ తీసేద్దాం, నెమ్మదిగా నీళ్లలోకి కూడా పంపిస్తాను. నొప్పి ఉంటే ఆపరేషన్ చేసి మరలు బిగించాలి. అప్పుడు బటర్‌ఫ్లై మాట మర్చిపోవాలి. ఉండీ లేదన్నావనుకో, పూస ఇంకా జరిగి కాళ్లకే ప్రమాదం. నిజం చెప్పాలి, సరేనా?"

బుడగ తలూపింది. బల్ల మీద బోర్లా పడుకుని, అరచేతులానించి ఛాతీ పైకి లేపింది.

"నొప్పి ఉందా?"

పిల్ల మెడ తిప్పి తలుపు దగ్గరున్న మా ఆయన వైపు చూసింది. "పెదనాన్నా, ఏం చెప్పను?" అంది.

ఎత్తిపొడుపు కాదది. ఆ గొంతు నాకు తెలుసు, లెక్క రానప్పుడు అడిగే గొంతు. "ఉందో లేదో నాకు నిజంగా తెలీట్లేదు. లేదనుకుంటే లేనట్టే ఉంటుంది. మీరు చూసి చెప్పండి."

నా చెల్లెలు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. మా ఆయన రెండడుగులు ముందుకొచ్చాడు. దాని కాలివేళ్లు చూశాడు. ఎంతోసేపు పట్టలేదు.

"ఉంది డాక్టరుగారూ" అన్నాడు. "చాలా నొప్పి ఉంది దానికి."

డాక్టరు కాగితం మీద ఆపరేషన్ తేదీ రాశాడు. బుడగ చేతులు సడలించి, బల్ల మీద ముఖం ఆనించి, పెద్దగా ఏడవడం మొదలుపెట్టింది. తొమ్మిదేళ్లలో అది ఏడవగా వినడం నాకదే మొదటిసారి. చెల్లెలు వెళ్లి దాన్ని పొదివి పట్టుకుంది. మేమిద్దరం అక్కడే నిలబడ్డాం, దగ్గరికి వెళ్లలేదు.